పాఠం 17: కారు పొగగొట్టంలో అడ్డు – ఇంటి దగ్గరే గుర్తించడం ఎలా?

17.0 పరిచయం

ఇంజను లోపల పెట్రోలు ఎలా మండుతుందో గత పాఠంలో చదివారు. మండిన తరువాత మిగిలిన వాయువులు బయటికి పోయే దారిని గురించి, ఆ దారిలో అడ్డు పడితే ఏమవుతుందనే దాన్ని గురించి ఈ పాఠంలో తెలుసుకుందాం.

ముందుగా ఒక పరిస్థితిని ఊహించుకోండి. మీరు కోల్‌కతాలో ఖిదిర్‌పూర్ దగ్గర ఉంటున్నారు. పదేళ్ల నాటి చిన్న పెట్రోలు కారు ఒకటి మీ బతుకుతెరువు. పొద్దున పిల్లలను బడికి చేరుస్తారు, పగలు ప్రయాణికులను హౌరా స్టేషనులో దింపుతారు. రెండు వారాలుగా బండి వీధుల్లో బాగానే తిరుగుతోంది గాని, విద్యాసాగర్ సేతు ఎక్కేసరికి ఎవరో వెనక నుంచి పట్టుకున్నట్లు బరువెక్కుతోంది. యాక్సిలరేటరు ఎంత తొక్కినా శబ్దం పెరుగుతుంది తప్ప వేగం పెరగదు. లీటరుకు 16 కిలోమీటర్లు వచ్చేది 12కు పడిపోయింది. మిస్త్రీకి చూపిస్తే బానెట్ ఎత్తి ఒక నిమిషం విని, "ఇంజను దించాలి దాదా" అన్నాడు.

ఇంజను దించడమంటే వేల రూపాయల ఖర్చు, పైగా నాలుగైదు రోజుల సంపాదన పోవడం. మిస్త్రీ చెప్పింది నిజమే కావచ్చు. మిస్త్రీలందరూ మోసం చేస్తారని చెప్పడం ఈ పాఠం ఉద్దేశం కాదు. అయితే ఇవే లక్షణాలు ఇంజనుకు ఏ లోపమూ లేకుండా, దాని పొగగొట్టంలో ఉండే ఒక చిన్న పెట్టె మూసుకుపోయినా కనిపిస్తాయి. ఆ రెండింటిలో ఏది అని ఇంటి దగ్గరే చాలావరకు తేల్చుకోవచ్చు.

ఈ పాఠం పూర్తిచేసిన తరువాత మీరు ఆ పెట్టె చేసే పనిని మీ మాటల్లో చెప్పగలుగుతారు. అది ఎందుకు మూసుకుపోతుందో వివరించగలుగుతారు. తక్కువ పనిముట్లతో, ప్రమాదం లేకుండా దాన్ని పరీక్షించగలుగుతారు.

17.1 ఆ పెట్టెలో ఏముంది?

కారు కింద వంగి చూస్తే ఇంజను నుంచి వెనక సైలెన్సరు దాకా ఒక గొట్టం పోతుంది. ఆ గొట్టంలో ఇంజనుకు దగ్గరగా ఉబ్బెత్తుగా ఒక లోహపు పెట్టె ఉంటుంది. కొన్ని బండ్లలో ఇది ఇంజనును ఆనుకునే ఉండి, కింద నుంచి కాక బానెట్ ఎత్తితేనే కనబడుతుంది. దీన్ని కేటలిటిక్ కన్వర్టర్ అంటారు. పుస్తకాలలో ఉత్ప్రేరక పరివర్తకం అని చూస్తారు. షెడ్లలో కేట్‌కాన్ అనే మాట వింటారు. మనం కన్వర్టర్ అనే అందాం.

పెట్టె లోపల పింగాణీ వంటి పదార్థంతో చేసిన దిమ్మె ఉంటుంది. దాన్ని అడ్డంగా కోసి చూస్తే తేనెపట్టులా కనిపిస్తుంది. ఒక చదరపు అంగుళంలో సుమారు 400 సన్నని రంధ్రాలు ఉండడం మామూలు. ఆ రంధ్రాల గోడల మీద ప్లాటినం, పల్లాడియం, రోడియం అనే విలువైన లోహాలు అతి పలుచగా పూసి ఉంటాయి. పొగ ఈ రంధ్రాల గుండా పోతున్నప్పుడు మూడు మార్పులు జరుగుతాయి. ప్రాణాంతకమైన కార్బన్ మోనాక్సైడు కార్బన్ డయాక్సైడుగా మారుతుంది. మండకుండా మిగిలిన పెట్రోలు ఆవిరి కార్బన్ డయాక్సైడుగా, నీటి ఆవిరిగా మారుతుంది. నత్రజని ఆక్సైడులు విడిపోయి నత్రజని తిరిగి వస్తుంది. ఈ చర్యలలో లోహాలు ఖర్చు కావు. అందుకే వాటిని ఉత్ప్రేరకాలు అంటారు. పాలలో వేసిన తోడుతో దీన్ని పోల్చకండి. తోడు పాలలో కలిసిపోయి పెరుగుతుంది; ఉత్ప్రేరకం ఉన్నచోటే ఉండి పని చేయించుకుంటుంది.

ఒక సంగతి గుర్తుంచుకోండి. కన్వర్టర్ చల్లగా ఉన్నప్పుడు పనిచేయదు. సుమారు 250 నుంచి 300 డిగ్రీల సెల్సియస్ వేడి వచ్చిన తరువాతే పని మొదలుపెడుతుంది. నడుస్తున్న బండిలో అంతకు చాలా ఎక్కువ వేడిగా ఉంటుంది.

ఈ పరికరాన్ని ఫ్రాన్సులో పుట్టి అమెరికాలో స్థిరపడిన యూజీన్ హూద్రీ అనే ఇంజనీరు 1950లలో రూపొందించాడు. కాని ఆనాటి పెట్రోలులో సీసం కలిపేవారు. సీసం ఆ లోహపు పూతను కప్పివేసి పనికిరాకుండా చేస్తుంది. అందువల్ల అమెరికాలో సైతం 1975 నమూనాల నుంచి గాని ఇది విస్తృతంగా రాలేదు. మన దేశంలో 1995 ఏప్రిల్ నుంచి ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు నగరాలలో కొత్త పెట్రోలు కార్లకు కన్వర్టర్ తప్పనిసరి అయింది. వాటి కోసం అక్కడ సీసం లేని పెట్రోలు అమ్మకం మొదలుపెట్టారు. చిక్కు ఎక్కడ వచ్చిందంటే, ఆ పెట్రోలు అప్పట్లో దేశంలో అన్నిచోట్లా దొరికేది కాదు. కలకత్తాలో కొత్త కారు కొని పండక్కి శ్రీకాకుళం బయలుదేరినవారు దారిలో సీసం ఉన్న పెట్రోలు పోయించుకుంటే కన్వర్టర్ పాడయ్యేది. 2000 ఫిబ్రవరి 1 నాటికి దేశమంతటా సీసం కలిపిన పెట్రోలు ఆగిపోవడంతో ఆ బాధ తీరింది.

మరొక మాట. కోల్‌కతా అనగానే గుర్తొచ్చే పసుపు అంబాసిడర్ టాక్సీలలో ఎక్కువ భాగం డీజిలువి. ఉత్తర్‌పారా ఫ్యాక్టరీలో ఆ కార్ల తయారీ 2014 మే నెలలో నిలిచిపోయింది. ఈ పాఠంలోని పరీక్షలు టర్బో లేని పెట్రోలు బండ్లకు ఉద్దేశించినవి. డీజిలు బండి ఉన్నవారు కింది కొలతలను తమ బండికి వర్తింపజేయరాదు.

17.2 ఎందుకు మూసుకుపోతుంది?

ఇది ఈ పాఠంలో ముఖ్యమైన భాగం. తొందరపడకుండా చదవండి.

కన్వర్టర్ తనంతట తాను మూసుకుపోవడం అరుదు. ఇంజనులో మరేదో లోపం ఉండి, అది కన్వర్టర్‌ను చంపుతుంది. స్పార్క్ ప్లగ్గు గాని, ఇగ్నిషన్ కాయిల్ గాని బలహీనపడిందనుకోండి. ఒక సిలిండరులో పెట్రోలు మండదు. బండి కుదుపుతుంది. దీన్నే మనం మిస్సింగ్ అంటాం. మండని ఆ పెట్రోలు ఎక్కడికి పోతుంది? నేరుగా వేడి కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండుతుంది. పొయ్యిలో మండాల్సింది పొగగొట్టంలో మండినట్లన్నమాట. దానివల్ల వేడి విపరీతంగా పెరిగి, చివరకు తేనెపట్టు దిమ్మె కరిగి ముద్దకడుతుంది. రంధ్రాలు పూడిపోతాయి.

"మిస్సింగ్ ఉన్నా బండి నడుస్తోంది కదా, జీతాలు రానీ, తరువాత చూద్దాం" అని నెల రోజులు లాగేవారు చాలామంది. ప్లగ్గుల ఖరీదు కన్వర్టర్ ఖరీదులో ఎన్నో వంతు ఉంటుందో దుకాణంలో ఒకసారి అడిగి చూడండి.

రెండవ కారణం ఇంజను ఆయిలు తాగడం. పిస్టన్ రింగులు అరిగితే ఆయిలు మండి, దాని బూడిద రంధ్రాల గోడల మీద పేరుకుంటుంది. రేడియేటరు నీరు సిలిండరులోకి దిగినా ఇటువంటి హానే జరుగుతుంది. మూడవది దెబ్బ. గుంతలో పడి కింద రాయి తగిలితే పింగాణీ దిమ్మె పగిలి, ముక్కలు అడ్డం తిరిగి దారి మూస్తాయి. వానాకాలంలో ఠంఠనియా, ఆమ్‌హర్స్ట్ వీధి వైపు మోకాలి లోతు నీళ్లలో బండి నడిపినవారికి ఇంకొకటి కూడా తెలియాలి: బాగా వేడెక్కిన పెట్టెను ఒక్కసారిగా చల్లని నీరు ముంచెత్తితే దిమ్మె చిట్లే అవకాశం ఉంది.

17.3 మూసుకుపోతే బండి ఎలా ప్రవర్తిస్తుంది?

పొయ్యి ఊదే గొట్టం మీకు తెలుసు. దాని కొనకు బూడిద అడ్డుపడితే మెల్లగా ఊదినప్పుడు గాలి కాస్త పోతూనే ఉంటుంది. గట్టిగా ఊదబోతే బుగ్గలు ఉబ్బుతాయి గాని గాలి పోదు. ఇంజను కూడా అంతే. ఐడిల్‌లో, అంటే బండి నిలిపి ఉంచి ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు, వచ్చే పొగ తక్కువ. సగం మూసుకుపోయిన దారిలో కూడా అది పోగలదు. వంతెన ఎక్కేటప్పుడు ఇంజను ఎక్కువ పొగ వదలాలి. అది పోకపోతే సిలిండరులో పాత పొగ మిగిలిపోతుంది. లోపల పాత పొగ ఉంటే కొత్త గాలికి, పెట్రోలుకు చోటు ఎక్కడిది? అందుకే శక్తి తగ్గుతుంది. మీ బండి వీధుల్లో బాగుండి సేతు మీద మొరాయించడానికి కారణం ఇదే కావచ్చు. పూర్తిగా మూసుకుపోతే బండి స్టార్టయి కొద్ది సెకన్లలో ఆగిపోతుంది.

ఇంకొన్ని గుర్తులు ఉంటాయి: కాళ్ల కింద నేల మామూలుకంటే వేడెక్కడం, పొగలో కుళ్లిన కోడిగుడ్డు వాసన రావడం, పెట్రోలు ఎక్కువ తాగడం. వాసన ఒక్కటే ఆధారంగా తీర్పు చెప్పకండి. పెట్రోలులోని గంధకం వల్ల మంచి కన్వర్టర్ కూడా అప్పుడప్పుడు ఆ వాసన ఇస్తుంది.

ఇవే లక్షణాలు చూపే ఇతర లోపాలు ఉన్నాయి కాబట్టి ముందు వాటిని తోసిపుచ్చాలి. ఎయిర్ ఫిల్టర్ తీసి వెలుతురుకు పెట్టి చూడండి. ఈ ఊరి దుమ్ముకు అది తొందరగా నిండుతుంది. సమంగా ఉన్న నేల మీద గేరు తీసి బండిని చేత్తో తోయండి. కదలకపోతే బ్రేకు పట్టేసి ఉంది. ఇంజను శబ్దం పెరిగి వేగం పెరగకపోవడం క్లచ్ జారినా జరుగుతుంది. తేడా ఏమిటంటే, క్లచ్ జారితే ఇంజను స్వేచ్ఛగా పైకి ఎగిరి తిరుగుతుంది. కన్వర్టర్ మూసుకుపోతే ఇంజనే గొంతు పట్టినట్లు మూలుగుతుంది, ఒక హద్దు దాటి తిరగదు. పెట్రోలు పంపు బలహీనమైనా బండి లాగదు. దాన్ని విడదీసి చెప్పడానికి కింది మూడవ పరీక్ష పనికివస్తుంది.

17.4 పరీక్షకు ముందు

బండిని ఆరుబయట నిలపండి. మూసిన షెడ్డులో, ఇళ్ల మధ్య గాలి ఆడని సందులో ఇంజను నడిపి ఈ పరీక్షలు చేయరాదు. కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్ కంటే దాన్ని 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, మగత వచ్చేసరికే లేచి నడిచే శక్తి పోతుంది. చాలామంది చలికాలం రాత్రి తలుపులు మూసి పని చేస్తూ ప్రాణాలు పోగొట్టుకున్నారు.

హ్యాండ్ బ్రేకు వేయండి, చక్రాలకు ఇటుకలు పెట్టండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి దూరకండి. బండి నడిచి ఆగిన గంట వరకు కన్వర్టర్‌ను తాకకండి. ఎండు గడ్డి మీద, చెత్త కాగితాల మీద బండి నిలిపి ఇంజను నడపడం కూడా ప్రమాదమే; ఆ వేడికి అవి అంటుకుంటాయి.

17.5 పరీక్షలు

మొదటి పరీక్షకు డబ్బు ఖర్చు లేదు. పెట్టె పూర్తిగా చల్లారాక రబ్బరు సుత్తితో గాని, పిడికిలితో గాని మెల్లగా తట్టండి. లోపల గులకరాళ్లు కదిలినట్లు గలగలమంటే దిమ్మె పగిలింది. ఏ శబ్దమూ రాకపోతే బాగుందని మాత్రం అర్థం కాదు. కరిగి ముద్దకట్టిన దిమ్మె కూడా నిశ్శబ్దంగానే ఉంటుంది.

రెండవది చేతిరుమాలు పరీక్ష. ఇంజను నడుస్తుండగా వెనక గొట్టానికి జానెడు దూరంలో చేతిరుమాలు కొసలు పట్టుకుని నిలబడండి. ముఖం దగ్గర పెట్టకండి. మరొకరు యాక్సిలరేటరు కొద్దిగా తొక్కాలి. పొగ తోపుడు పెరిగి రుమాలు బాగా ఎగరాలి. ఎగరకపోతే అడ్డు ఉందని అనుమానించవచ్చు. పక్కింటివారి బండి అటువంటిదే ఉంటే దానితో పోల్చి చూడండి. గొట్టం మధ్యలో చిల్లి ఉండి పొగ అక్కడే పోతున్నా రుమాలు ఎగరదు కాబట్టి బుసబుస శబ్దం ఎక్కడైనా వస్తోందేమో వినండి. పొద్దున గొట్టం నుంచి నీటి చుక్కలు కారితే కంగారు పడవద్దు. అది మామూలే.

మూడవది వాక్యూమ్ గేజ్ పరీక్ష. అన్నిటిలోకి నాకు నమ్మకమైనది ఇదే. ఇంజను గాలి పీల్చే గొట్టం వైపు ఎంత చూషణ ఉందో ఈ చిన్న మీటరు చూపుతుంది. కొనలేనివారు షెడ్డులో అరువు అడగవచ్చు. మీ ఇంట్లో ఖరగ్‌పూర్ రైల్వేలో పాత వాక్యూమ్ బ్రేకుల రోజుల్లో పనిచేసిన పెద్దవారు ఉంటే ఈ మీటరు గురించి మనం వారికి చెప్పనక్కరలేదు, వారే మనకు చెబుతారు.

ఇంటేక్ మానిఫోల్డ్‌కు ఉన్న సన్నని గొట్టాలలో ఒకదాని చోట మీటరు హోసు తగిలించండి. ఇంజను బాగా వేడెక్కాక ఐడిల్‌లో ముల్లు చూడండి. కోల్‌కతా సముద్రమట్టానికి దగ్గరగా ఉంది కాబట్టి మంచి ఇంజను సుమారు 17 నుంచి 21 అంగుళాల పాదరసం చూపాలి. ఇప్పుడు యాక్సిలరేటరు మెల్లగా తొక్కి ఇంజనును నిమిషానికి 2500 చుట్ల దగ్గర అర నిమిషం నిలపండి. తొక్కిన క్షణంలో ముల్లు పడుతుంది. దారి బాగుంటే వెంటనే తిరిగి ఐడిల్ అంకె దగ్గరికి వచ్చి అక్కడ నిలుస్తుంది. దారి మూసుకుపోతే నిలవదు. అదే వేగంలో ఉంచినా అంగుళం తరువాత అంగుళం కిందికి జారుతూ పోతుంది. ఎందుకో ఆలోచించండి. బయటికి పోలేని పొగ సిలిండరులో పేరుకుంటోంది. పాత ఊపిరి వదలనివాడు కొత్త ఊపిరి పీల్చలేడు. పెట్రోలు పంపు బలహీనమైనప్పుడు బండి తడబడి ముల్లు ఊగవచ్చు గాని, ఇలా క్రమంగా జారదు.

నాలుగవది రుజువు పరీక్ష. ముల్లు జారిందని తేలాక చేయవలసినది. ఇంజను పూర్తిగా చల్లారాక, కన్వర్టర్‌కు ముందు గొట్టంలో బిగించి ఉన్న ఆక్సిజన్ సెన్సారును 22 నంబరు పానాతో విప్పండి. తుప్పు పట్టి ఉంటే రాత్రే తుప్పు వదిలించే నూనె పోసి ఉంచండి. బలవంతం చేస్తే మర అరుగుతుంది. వైరు మెలిపడకుండా సెన్సారును పక్కకు కట్టండి. ఇప్పుడు ఆ రంధ్రం పొగకు దొంగదారి. ఇంజను నడిపి మళ్లీ 2500 దగ్గర ముల్లు చూడండి. ఇంతకు ముందు జారిన ముల్లు ఇప్పుడు నిలకడగా ఉంటే అడ్డు ఆ రంధ్రానికి వెనక ఉన్నట్లే. మార్పు లేకపోతే అడ్డు అక్కడ లేదు, ఇంజను వైపు చూడాలి. శబ్దం చాలా ఎక్కువ వస్తుంది, రంధ్రం నుంచి కాల్చేంత వేడి పొగ చిమ్ముతుంది. కాబట్టి దగ్గరలో వైర్లు, గుడ్డలు లేకుండా చూసి నిమిషం లోపల ముగించండి. ఇలా విప్పి బండిని రోడ్డు మీదికి తీసుకుపోకండి. డాష్‌బోర్డులో ఇంజను లైటు వెలుగుతుంది. సెన్సారు తిరిగి బిగించాక అది వెంటనే ఆరకపోయినా భయపడవద్దు.

అదే రంధ్రంలో పీడనపు మీటరు బిగించి కూడా చూడవచ్చు. ఐడిల్‌లో సుమారు 1.5 పి.ఎస్.ఐ. లోపు, 2500 దగ్గర 3 లోపు ఉంటే దారి బాగున్నట్లు లెక్క.

అడ్డు కన్వర్టర్‌లో ఉందా, దాని వెనక సైలెన్సరులోనా? కన్వర్టర్ వెనక ఉన్న ఫ్లాంజ్ జాయింటు బోల్టులు వదులు చేసి పరీక్ష మళ్లీ చేయండి. ఇప్పుడూ ముల్లు జారితే కన్వర్టర్, నిలిస్తే సైలెన్సరు. సైలెన్సరు చాలా చవక కాబట్టి ఈ ఒక్క మెట్టు వదిలేయకండి.

బండికి స్కానరు తగిలించి "పి 0420 వచ్చింది, కన్వర్టర్ జామ్" అని ఎవరైనా చెబితే ఒక్క క్షణం ఆగండి. ఆ సంకేతానికి అర్థం పొగను శుద్ధిచేసే సామర్థ్యం తగ్గిందని మాత్రమే. దారి మూసుకుపోయిందని కాదు. శుద్ధి చేయలేని కన్వర్టర్ గుండా పొగ హాయిగా పోతూ ఉండవచ్చు. తిరగేసి చూసినా అంతే: సగం మూసుకుపోయిన కన్వర్టర్ ఐడిల్‌లో చేసే పొల్యూషన్ పరీక్షలో పాసు కావచ్చు. సర్టిఫికెట్ ఉంది కాబట్టి కన్వర్టర్ బాగుందని వాదించకండి.

17.6 కన్వర్టరే అని తేలితే

ముందు మిస్సింగ్, ఆయిలు తాగడం వంటి మూల కారణాన్ని సరిచేయించండి. అది చేయకుండా కొత్త పెట్టె వేస్తే అది కూడా అదే దారి పడుతుంది.

పెట్టెను కోసి లోపలి దిమ్మె పొడిచి తీసేసి ఖాళీ డబ్బా తిరిగి బిగిస్తామని కొందరు అంటారు. ఖర్చు తక్కువ, బండి కూడా లాగుతుంది. కాని ఆ పొగ శుద్ధి కాకుండా ఎవరి ముక్కుల్లోకి పోతుందో మీకు తెలుసు. బడి దగ్గర ఆగిన మీ బండి వెనక నిలబడేది ఆ పిల్లలే. పైగా అది పొగ నియమాలకు విరుద్ధం, ఇంజను లైటు కూడా వెలుగుతూనే ఉంటుంది.

పాత పెట్టెలో ప్లాటినం జాతి లోహాలు ఇంకా ఉంటాయి. అవి కొనేవారు ఉన్నారు. అందువల్ల పని అప్పగించేటప్పుడే "పాత పెట్టె నాకు ఇవ్వాలి, లేదా దాని విలువ బిల్లులో తగ్గించాలి" అని చెప్పండి. మల్లిక్ బజార్ వంటిచోట వాడిన కన్వర్టర్ కొనాలనుకుంటే రెండు కొనల నుంచి టార్చి వేసి చూడండి. తేనెపట్టు చెక్కుచెదరకుండా, గుండా వెలుతురు కనబడాలి. డబ్బా ఖాళీగా ఉంటే వెలుతురు ఇంకా బాగా కనబడుతుంది, మోసపోకండి.

మీ ప్రగతిని తెలుసుకోండి

1. మీ బండి ఐడిల్‌లో వాక్యూమ్ 19 అంగుళాలు చూపింది. 2500 దగ్గర నిలిపితే 16, 13, 10 అని జారింది. ముందున్న సెన్సారు విప్పాక 19 దగ్గర నిలిచింది. సెన్సారు బిగించి, కన్వర్టర్ వెనక జాయింటు వదులు చేశాక కూడా 19 దగ్గరే నిలిచింది. లోపం ఎక్కడ?

2. ఒక డ్రైవరు ఏడాదిలో రెండు కన్వర్టర్లు మార్చాడు. మూడవది కూడా మూసుకుపోయింది. మీరు ముందుగా అతన్ని ఏమడుగుతారు?

జవాబులు

1. సైలెన్సరులో. కన్వర్టర్‌లో అడ్డు ఉంటే దాని వెనక జాయింటు వదులు చేసినా ముల్లు జారుతూనే ఉండేది.

2. బండికి మిస్సింగ్ ఉందా, ఎన్ని కిలోమీటర్లకు ఎంత ఇంజను ఆయిలు కలపవలసి వస్తోంది, రేడియేటరులో నీరు తగ్గుతోందా అని అడగాలి. ప్లగ్గులు విప్పించి, ఏదైనా పెట్రోలుతో తడిసి ఉందా, ఆయిలుతో నల్లబడి ఉందా చూడాలి.